పాఠకుల ప్రశ్నలు: రొమారియో ఎన్ని ఊళ్ళు తిరిగాడు, ఎందుకు తిరిగాడు?

ఈ సంచికకు వచ్చిన ఉత్తరాలలో అయిదు బ్రెజిల్ ఫుట్‌బాల్ ఆటగాడు రొమారియో గురించే కావడం వల్ల వాటిని ఒకచోట చేర్చి జవాబులు రాస్తున్నాను. నాకు ఎంతో ఇష్టమైన ఆటగాడు కనుక మొదటి జవాబు కాస్త పొడుగైంది. పాఠకులు ఓపికతో చదవాలని మనవి.

ప్రశ్న: 1994 ప్రపంచకప్ ఫైనల్‌ను మా నాన్నగారితో కలిసి టీవీలో చూశాను. మన లెక్కలో అర్ధరాత్రి దాటాక ఒంటిగంటకు మొదలైన ఆట, పెనాల్టీలు ముగిసేసరికి తెల్లవారుజాము అయింది. ఆ రోజు నుంచి రొమారియో అంటే నాకు అభిమానం. కానీ ఆ తరువాత పేపర్లో అతని పేరు కనిపించినప్పుడల్లా పక్కన కొత్త క్లబ్బు పేరు ఉండేది. ప్రపంచంలోనే ఉత్తమ ఆటగాడు అనిపించుకున్న మనిషి ఒకచోట ఎందుకు నిలవలేకపోయాడు? డబ్బు కోసమా, నిలకడ లేకనా? (ఖమ్మం నుంచి ఒక పాఠకుడు)

జవాబు: మీరు అడిగిన రెండు కారణాలలోనూ కొంత నిజం ఉంది గానీ, అసలు కారణం వాటికన్నా సులువైనదని నా అభిప్రాయం. అతను ఆడిన క్లబ్బులను వరుసగా రాసి చూస్తే వాస్కో ద గామా, పీఎస్‌వీ ఐండ్‌హోవెన్, బార్సిలోనా, ఫ్లమెంగో, వాలెన్సియా, మళ్ళీ ఫ్లమెంగో, మళ్ళీ వాస్కో, ఫ్లుమినెన్సే, ఖతర్‌లోని అల్ సద్, తిరిగి ఫ్లుమినెన్సే, వాస్కో, అమెరికాలోని మయామీ ఎఫ్‌సీ, ఆస్ట్రేలియాలోని అడిలైడ్ యునైటెడ్, చివరికి మరోసారి వాస్కో అని తేలుతుంది. చూడగానే దేశదిమ్మరి జాబితాలా ఉంటుంది. అయితే ఇందులోని బ్రెజిల్ క్లబ్బులను మాత్రం విడదీసి చూడండి. వాస్కో, ఫ్లమెంగో, ఫ్లుమినెన్సే మూడూ రియో డి జనీరో నగరానివే. అంత పెద్ద దేశంలో, సావో పాలో వంటి సంపన్న నగరంలోని క్లబ్బులు ఉండగా, రియో క్లబ్బుల కోసం తప్ప మరే బ్రెజిల్ క్లబ్బు కోసమూ అతను పోటీ మ్యాచ్ ఆడలేదు. ఊళ్ళు తిరిగినవాడు అనడం కన్నా, బయటికి వెళ్ళినప్పుడల్లా ఇంటికి తిరిగి రావడానికి దారి వెతుక్కున్నవాడు అనడం న్యాయం.

రొమారియో 1966 జనవరి 29న రియోలోని జకరెజిన్యో అనే పేదల వాడలో పుట్టాడు. చిన్నతనంలోనే కుటుంబం విలా ద పెన్యా అనే పేటకు మారింది. తండ్రి ఎదెవయిర్ ఆ పేట పిల్లల కోసం నడిపిన చిన్న జట్టులోనే అతని ఆట మొదలైంది. 1985లో వాస్కో సీనియర్ జట్టులోకి వచ్చి, మూడేళ్ళలోనే దేశం దృష్టిలో పడ్డాడు. 1988 సోల్ ఒలింపిక్స్‌లో 7 గోల్స్‌తో అందరికన్నా ముందు నిలిచాడు. సోవియట్ యూనియన్‌తో జరిగిన ఫైనల్‌లో తొలి గోల్ అతనిదే అయినా, బ్రెజిల్ 2-1తో ఓడి రజతంతో సరిపెట్టుకుంది. ఆ ఒలింపిక్స్ తరువాతే నెదర్లాండ్స్‌లోని పీఎస్‌వీ అతన్ని తీసుకుంది.

రియోలోని కోపకబానా సముద్రతీరపు ఇసుకలో కాళ్ళతో వాలీబాల్ ఆడుకునే కుర్రవాడికి ఐండ్‌హోవెన్ చలి ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు. అయినా అక్కడే అయిదేళ్ళు ఉన్నాడు. ఒకే విదేశీ క్లబ్బులో అతను గడిపిన అతి ఎక్కువ కాలం అదే. సుమారు 110 లీగ్ మ్యాచ్‌లలో 98 గోల్స్ చేశాడు, మూడు సార్లు లీగ్ గెలిచిన జట్టులో ఉన్నాడు. అప్పటి కోచ్ గుస్ హిడింక్ తరువాతి కాలంలో ఒక విషయం చెప్పాడు. పెద్ద మ్యాచ్‌కు ముందు తాను కంగారుగా కనిపిస్తే రొమారియో దగ్గరికి వచ్చి, కంగారు పడకండి, నేను గోల్ చేస్తాను, మనం గెలుస్తాం అనేవాడట. పదింట ఎనిమిది సార్లు ఆ మాట నిలబెట్టుకునేవాడని కూడా హిడింక్ ఒప్పుకున్నాడు.

1993లో బార్సిలోనాకు వెళ్ళాడు. కోచ్ యోహాన్ క్రైఫ్. మొదటి సీజన్‌లోనే 33 లీగ్ మ్యాచ్‌లలో 30 గోల్స్. చివరి రోజు చివరి నిమిషాలలో టైటిల్ కోసం పోటీపడిన డిపోర్టివో జట్టు పెనాల్టీని చేజార్చుకోవడంతో లీగ్ బార్సిలోనా వశమైంది. అప్పట్లో స్పెయిన్‌లో ఒక నియమం ఉండేది: మైదానంలో ఒకేసారి ముగ్గురికి మించి విదేశీయులు ఉండకూడదు. బార్సిలోనాలో కూమన్, స్తోయిచ్‌కోవ్, లాడ్రుప్, రొమారియో అని నలుగురు ఉండేవారు కనుక ప్రతి మ్యాచ్‌కూ ఒక మహా ఆటగాడు బయట కూర్చోవలసి వచ్చేది. 1994 మే 18న ఏథెన్స్‌లో జరిగిన యూరోపియన్ ఫైనల్‌లో ఆ వంతు లాడ్రుప్‌ది అయింది, మిలాన్ 4-0తో గెలిచింది.

రియో మీది బెంగకు క్రైఫ్ చెప్పిన ఒక సంగతే సాక్ష్యం. రియోలో కార్నివాల్ జరుగుతున్న రోజుల్లో రొమారియో వచ్చి సెలవు అడిగాడు. రేపటి మ్యాచ్‌లో రెండు గోల్స్ చేస్తే రెండు రోజులు అదనంగా ఇస్తానని క్రైఫ్ అన్నాడు. మర్నాడు ఆట మొదలైన ఇరవై నిమిషాలకే రెండు గోల్స్ అయ్యాయి. వెంటనే రొమారియో కోచ్ వైపు తిరిగి, తనను మైదానం నుంచి బయటికి పిలవమని, ఇంకో గంటలో విమానం ఉందని సైగ చేశాడట. క్రైఫ్ మాట తప్పలేదు.

1994 జూలైలో ప్రపంచకప్ గెలిచాక అతను సెలవుల నుంచి బార్సిలోనాకు ఆలస్యంగా చేరాడు. మనసు అక్కడ లేదన్నది ఆటలోనూ కనిపించింది. 1995 జనవరిలో, ఫిఫా ప్రపంచ ఉత్తమ ఆటగాడి బహుమతి అందుకున్న రోజుల్లోనే, ఇంకా 29 ఏళ్ళు నిండకముందే ఫ్లమెంగోకు తిరిగి వచ్చేశాడు. ఆ కాలంలో బ్రెజిల్‌లోని మంచి ఆటగాడు ఎవరైనా యూరప్‌కు వెళ్ళే విమానం కోసం ఎదురుచూసేవాడు. శిఖరం మీద ఉండగా ఎదురు దిశలో ప్రయాణించినవాడు ఇతను. డబ్బే ముఖ్యమైతే ఈ పని చేయడు. నిలకడ లేనివాడైతే ఐండ్‌హోవెన్‌లో అయిదేళ్ళు ఉండడు.

ఆ తరువాత వాలెన్సియాకు 1996లో ఒకసారి, 1997లో మరోసారి వెళ్ళినా, రెండు సార్లూ కొద్ది నెలలకే ఫ్లమెంగోకు వచ్చేశాడు. అక్కడి కోచ్ లూయిస్ అరగోనెస్‌కు, అతనికి పొసగలేదు. సాధన అంటే రొమారియోకు పెద్దగా ఇష్టం లేదు, రాత్రి విహారాలు మానేవాడు కాదు, ఆ మాట దాచుకునేవాడూ కాదు. ఇది అతని లోపమేనని ఒప్పుకోక తప్పదు. ఎంత అభిమానించినా, జట్టులోని మిగతా పదిమంది పొద్దున్నే చెమటోడుస్తూ ఉంటే ఒకడికి వేరే నియమం ఉండటం కోచ్‌లకు ఎంత తలనొప్పో అర్థం చేసుకోగలం. ఖతర్ క్లబ్బు అల్ సద్‌కు 2003లో వెళ్ళినది మాత్రం డబ్బు కోసమే అనుకోవచ్చు. అక్కడ మూడు మ్యాచ్‌లు ఆడి ఒక్క గోల్ కూడా చేయకుండా తిరిగివచ్చాడు.

ప్రశ్న: మా పాఠశాలలో పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతాను. రొమారియో పొట్టివాడు, ఎక్కువగా పరుగెత్తేవాడు కాదు అని చదివాను. అయినా అన్ని గోల్స్ ఎలా చేయగలిగాడు? పిల్లలకు చూపించదగినది ఏమైనా ఉందా? (విజయవాడ నుంచి ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు)

జవాబు: అయిదున్నర అడుగుల మనిషి. ఆటలో ఎక్కువసేపు నడుస్తూ, నిలబడి చూస్తూ కనిపించేవాడు. ఆ నిలబడటంలోనే పని జరిగేది. డిఫెండర్ చూపు ఎటుందో కనిపెట్టి, వాడు తల తిప్పిన క్షణంలో రెండడుగులు వేసేవాడు. మొదటి అయిదు గజాల్లో అతని వేగం అసాధారణమైనది. పెనాల్టీ బాక్సులో అంతకు మించిన పరుగు అవసరం కూడా రాదు.

పిల్లలకు చూపించదలచుకుంటే 1994 జనవరి 8న రియల్ మాడ్రిడ్ మీద బార్సిలోనా 5-0తో గెలిచిన మ్యాచ్‌లోని తొలి గోల్‌ను వెతికి చూపించండి. గార్డియోలా ఇచ్చిన బంతిని రొమారియో గోల్‌కు వీపు పెట్టి అందుకుంటాడు. వెనుక అల్కోర్తా అనే దృఢకాయుడైన డిఫెండర్ అంటిపెట్టుకుని ఉంటాడు. రొమారియో బంతిని ఆపడు, తన్నడు. కుడి పాదానికి అతికించినట్టు పెట్టుకుని, శరీరంతో పాటు బంతిని కూడా అర్ధచంద్రాకారంలో ఈడ్చుకుంటూ తిరిగిపోతాడు. అల్కోర్తా అడుగు వేసేసరికి రొమారియో అతన్ని దాటి గోల్‌కు ఎదురుగా ఉంటాడు. ఆపై గోల్ కీపర్ బూయోకు అందకుండా బూటు కొనతో బంతిని మూలకు పొడుస్తాడు. స్పెయిన్ వాళ్ళు ఈ మలుపును ఆవు తోక అని పిలుస్తారు. ఈగను తోలడానికి ఆవు తోకను ఒక్కసారి విసిరినప్పుడు అది ఎంత విలాసంగా చుట్టి వస్తుందో మనకు వేరే చెప్పనక్కరలేదు. ఆ రోజు అతను మూడు గోల్స్ చేశాడు.

బూటు కొనతో పొడవడాన్ని మన శిక్షకులు సాధారణంగా తప్పుగా చెబుతారు. దానివల్ల బంతి గురి తప్పే మాట నిజమే. కానీ కాలు వెనక్కి ఊపి తన్నేవాడిని చూసి గోల్ కీపర్ సిద్ధపడతాడు, కొనతో పొడిచేవాడు కాలు ఊపనే ఊపడు కనుక బంతి వచ్చేది కీపర్‌కు ముందుగా తెలియదు. రొమారియో దీనిని కావాలనే, లెక్కలేనన్ని సార్లు వాడాడు. పిల్లలకు పాదం లోపలి భాగంతో తన్నడం బాగా వచ్చిన తరువాత దీన్ని కూడా నేర్పండి.

బంతి లేకుండా ఎలా ఆడాలో చూపించడానికి 1994 ప్రపంచకప్ క్వార్టర్‌ఫైనల్‌లో నెదర్లాండ్స్ మీద బ్రెజిల్ చేసిన రెండో గోల్ పనికొస్తుంది. ఆఫ్‌సైడ్‌లో, అంటే బంతి అందుకోకూడని చోట, చిక్కుకున్న రొమారియో, ఈ ఆటతో తనకు సంబంధం లేదన్నట్టు నింపాదిగా వెనక్కి నడిచి వస్తాడు. డచ్ డిఫెండర్లు అతన్ని చూసి ఒక్క క్షణం ఆగిపోతారు. ఆ సందులో బెబెతో అనే సహచరుడు దూసుకుపోయి గోల్ చేస్తాడు. అప్పుడే పుట్టిన తన కొడుకు కోసం ఆ సహచరుడు చేతుల్లో పసిబిడ్డను ఊపుతున్నట్టు అభినయించిన గోల్ అదే.

ఇక ఎత్తు సంగతి. స్వీడన్‌తో జరిగిన సెమీఫైనల్‌లో 80వ నిమిషం వరకూ గోల్ లేదు. జోర్జిన్యో కుడి వైపు నుంచి బంతిని పైకి లేపాడు. పొడుగాటి స్వీడన్ డిఫెండర్ల నడుమ ఎగిరి తలతో గోల్ చేసినవాడు ఆ జట్టులోని పొట్టి మనిషే. ఎంత ఎత్తు ఎగిరాడన్నది కాదు, ఎప్పుడు ఎగిరాడన్నదే అక్కడ ముఖ్యం.

ప్రశ్న: అంత గొప్పవాడైతే 1990, 1998, 2002 ప్రపంచకప్‌లలో అతని పేరు ఎందుకు వినిపించలేదు? (నిజామాబాద్ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: మూడింటికీ మూడు వేర్వేరు కారణాలు. 1990లో టోర్నమెంటుకు కొద్ది నెలల ముందు పీఎస్‌వీ తరఫున ఆడుతూ కాలు విరగ్గొట్టుకున్నాడు. ఇటలీకి వెళ్ళినా స్కాట్లాండ్‌తో జరిగిన ఒక్క మ్యాచ్‌లోనే దిగాడు. 1998లో పిక్క కండరం గాయమైంది. ఫ్రాన్స్‌కు జట్టుతో పాటు వెళ్ళిన తరువాత, ఆటలు మొదలవడానికి కొద్ది రోజుల ముందు అతన్ని తప్పించి ఎమర్సన్‌ను పిలిపించారు. విలేకరుల ముందు అతను పెట్టుకున్న కన్నీళ్ళు నేను మరిచిపోలేను. అంతకు ఆరు నెలల ముందే, 1997 డిసెంబరులో జరిగిన కాన్ఫెడరేషన్స్ కప్ ఫైనల్‌లో ఆస్ట్రేలియా మీద అతను మూడు, రొనాల్డో మూడు గోల్స్ చేసి 6-0తో గెలిపించారు. ఆ జంటను ప్రపంచకప్‌లో చూడలేకపోవడం ఫుట్‌బాల్ ప్రేమికులకు తీరని లోటు. 2002లో కోచ్ స్కొలారీ, దేశమంతా గగ్గోలు పెట్టినా, అతన్ని తీసుకోలేదు. 2001లో దక్షిణ అమెరికా దేశాల టోర్నమెంటు కోపా అమెరికాకు రాలేనని చెప్పి తప్పుకున్న రొమారియో మీద అతనికి నమ్మకం పోయింది. బ్రెజిల్ ఆ కప్పు గెలిచింది కనుక స్కొలారీ నిర్ణయాన్ని తప్పు పట్టలేం.

నిజానికి 1994 కూడా చేజారిపోవలసిందే. ఒక స్నేహపూర్వక మ్యాచ్‌లో తనను బెంచీ మీద కూర్చోబెట్టారని బహిరంగంగా అలిగినందుకు కోచ్ పరేరా అతన్ని పక్కన పెట్టాడు. చివరి అర్హత మ్యాచ్ నాటికి పరిస్థితి చేయిదాటేలా ఉండటంతో గత్యంతరం లేక పిలిచారు. 1993 సెప్టెంబరు 19న మరకానా మైదానంలో ఉరుగ్వే మీద బ్రెజిల్ 2-0తో గెలిచింది, రెండు గోల్స్ రొమారియోవే. ప్రపంచకప్‌లో 5 గోల్స్ చేసి ఉత్తమ ఆటగాడికి ఇచ్చే గోల్డెన్ బాల్ అందుకున్నాడు. ఆ టోర్నమెంటుకు ముందు నెలలోనే తండ్రిని దుండగులు అపహరించారని, ఆయన క్షేమంగా విడుదలయ్యేదాకా ఆ కుటుంబం నరకం చూసిందని కూడా గుర్తుంచుకోవాలి. ఖమ్మం పాఠకుడు చూసిన పెనాల్టీలలో బ్రెజిల్ తరఫున రెండోది రొమారియోదే. బంతి స్తంభం లోపలి అంచుకు తగిలి వలలోకి వెళ్ళింది.

ప్రశ్న: మేము అడిలైడ్‌లో ఉంటున్నాం. రొమారియో వెయ్యి గోల్స్ కోసం ఇక్కడికి వచ్చాడని మా ఆఫీసులోని వాళ్ళు చెబుతారు. ఆ వెయ్యి గోల్స్ నిజమేనా? (అడిలైడ్ నుంచి ఒక తెలుగు పాఠకుడు)

జవాబు: మీ మిత్రులు చెప్పింది నిజమే. 2006 చివరలో, 40 ఏళ్ళు దాటిన వయసులో, అతిథి ఆటగాడిగా మీ ఊరికి వచ్చి నాలుగు మ్యాచ్‌లు ఆడి ఒక గోల్ చేశాడు. అంతకు ముందు మయామీ ఎఫ్‌సీ తరఫున అమెరికాలో రెండో స్థాయి లీగ్‌లో 19 గోల్స్ చేశాడు. అక్కడ అతనితో పాటు 1994 జట్టులోని మిత్రుడు జిన్యో కూడా ఆడాడు. ఈ ప్రయాణాల లక్ష్యం పెలే అందుకున్న వెయ్యి సంఖ్యను తానూ అందుకోవడం. చివరికి 2007 మే 20న వాస్కో సొంత మైదానం సావో జనువారియోలో, స్పోర్ట్ రెసిఫే మీద పెనాల్టీతో ఆ గోల్ చేశాడు. ఆట ఆగిపోయింది, మైదానమంతా జనంతో నిండిపోయింది. 1969లో పెలే చేసిన వెయ్యో గోల్ కూడా పెనాల్టీయే, అది వాస్కో మీదే చేశాడు.

లెక్క మాత్రం రొమారియో సొంత లెక్క. పిల్లల, యువకుల జట్లలో చేసినవి, ప్రదర్శన మ్యాచ్‌లలో చేసినవి కూడా అందులో కలిశాయి. సీనియర్ స్థాయి పోటీ మ్యాచ్‌లనే తీసుకుంటే ఏడు వందలకు పైచిలుకు అవుతాయి. దీన్ని మోసం అనడం నాకు ఇష్టం లేదు. ఏవేవి కలిపాడో అతను దాచలేదు, పెలే లెక్కలోనూ స్నేహపూర్వక మ్యాచ్‌ల గోల్స్ ఉన్నాయి. పైగా ఏడు వందలు మాత్రం తక్కువా? బ్రెజిల్ తరఫున 70 మ్యాచ్‌లలో 55 గోల్స్ చేసినవాడి గొప్పతనానికి వెయ్యి అనే అంకె ఆసరా అవసరం లేదు.

నన్నడిగితే, అతని చివరి దశలో చూడవలసినవి వేరే ఉన్నాయి. 2000 డిసెంబరు 20న సావో పాలోలో దక్షిణ అమెరికా క్లబ్బుల పోటీ అయిన మెర్కోసుల్ కప్ ఫైనల్ జరిగింది. అది ప్రత్యర్థి క్లబ్బు పల్మెయిరాస్ సొంత మైదానం. విరామం నాటికి వాస్కో 0-3తో వెనుకబడింది, స్టేడియంలో పండగ మొదలైంది. రెండో సగంలో రొమారియో రెండు పెనాల్టీలను గోల్స్‌గా మలిచాడు. ఈలోపు వాస్కో ఆటగాడొకడు ఎర్రకార్డుతో బయటికి వెళ్ళడంతో పదిమందే మిగిలారు. ఆ పదిమందితోనే జూనిన్యో పౌలిస్తా స్కోరు సమం చేశాడు. తొంభై నిమిషాలు ముగిశాక రిఫరీ కలిపిన నిమిషాల్లో రొమారియో మూడో గోల్ చేసి 4-3గా ముగించాడు. అప్పటికి అతనికి 34 ఏళ్ళు. 2005లో, 39 ఏళ్ళ వయసులో, 22 గోల్స్‌తో బ్రెజిల్ జాతీయ లీగ్‌లో అందరికన్నా ముందు నిలిచాడు. ఆ లీగ్‌లోని డిఫెండర్లలో కొందరు అతను వాస్కోలో చేరిన ఏడాదికి ఇంకా పుట్టనైనా పుట్టలేదు.

ప్రశ్న: ఇప్పుడేం చేస్తున్నాడు? చివరి మ్యాచ్ ఏ క్లబ్బు కోసం ఆడాడు? (గుంటూరు నుంచి ఒక విద్యార్థి)

జవాబు: 2010లో బ్రెజిల్ పార్లమెంటు దిగువ సభకు, 2014లో రియో రాష్ట్రం నుంచి సెనేట్‌కు ఎన్నికయ్యాడు. 2022లో మళ్ళీ గెలిచాడు. డౌన్ సిండ్రోమ్‌తో పుట్టిన తన చిన్న కూతురు వల్లనే రాజకీయాల్లోకి వచ్చానని చెబుతాడు. వికలాంగుల హక్కుల కోసం 2015లో బ్రెజిల్ తెచ్చిన చట్టాన్ని సెనేట్‌లో నడిపించిన బాధ్యత అతనిదే. 2014 ప్రపంచకప్ కోసం ప్రజల సొమ్మును దుబారా చేస్తున్నారని గట్టిగా నిలదీసినవాడు కూడా అతనే.

చివరి మ్యాచ్ విషయానికి వస్తే, 2008లోనే ఆట మానేస్తున్నట్టు ప్రకటించాడు. ఆ ఏడాదే తండ్రి ఎదెవయిర్ కన్నుమూశాడు. ఆయన జీవితమంతా అమెరికా అనే చిన్న రియో క్లబ్బుకు అభిమాని. పేరు అమెరికాయే గానీ ఆ దేశంతో దానికి సంబంధం లేదు. తన కొడుకు ఆ ఎర్ర చొక్కా వేసుకుని ఆడితే చూడాలన్నది ఆయన కోరిక. 2009 నవంబరులో, రాష్ట్ర రెండో డివిజన్ టైటిల్ తేలే మ్యాచ్‌లో, 43 ఏళ్ళ రొమారియో రెండో సగంలో సబ్‌స్టిట్యూట్‌గా మైదానంలోకి దిగాడు. గోల్ చేయలేదు, అమెరికా గెలిచింది. 2024 నాటికి ఆ క్లబ్బుకు అధ్యక్షుడు అతనే. ఆ ఏడాదే, 58 ఏళ్ళ వయసులో, అదే జట్టులో ఉన్న తన కొడుకు పక్కన కొద్ది నిమిషాలైనా ఆడాలని ఆటగాడిగా మళ్ళీ పేరు నమోదు చేయించుకున్నాడు.